కోఠి రెసిడెన్సీ: ప్రేమకథ కంటే ముందు చూడాల్సిన పద్దు

హైదరాబాద్ కోఠిలోని బ్రిటిష్ రెసిడెన్సీ, అంటే నిజాం కొలువులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి (రెసిడెంటు) ఉన్న భవనం గురించి ఎవరు రాసినా, ఆనాటి రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్, హైదరాబాద్ ఉన్నత కుటుంబానికి చెందిన ఖైరున్నీసా బేగంల ప్రేమతోనే మొదలుపెడతారు. ఖర్చెవరిదో అడిగేవాళ్లు తక్కువ. మూసీకి ఉత్తరాన, నగర ప్రాకారానికి వెలుపల, తోటల నడుమ ఇంగ్లండు దొరల భవంతుల తీరులో దీన్ని కట్టారు. ప్లాను మద్రాసు ఇంజనీర్ శామ్యూల్ రస్సెల్‌ది. ముఖద్వారం పైన ముద్ర ఈస్టిండియా కంపెనీది. సొమ్ము మాత్రం నిజాం ఖజానాది!

ఆ సొమ్ము ఎందుకు కదిలిందో తెలియాలంటే కిర్క్‌పాట్రిక్ కుదిర్చిన రెండు ఒప్పందాలు చూడాలి. 1798 ఒప్పందంతో నిజాం కొలువులోని ఫ్రెంచి దళం రద్దయింది. 1800 నాటిదాంతో కంపెనీ సైన్యం ఖర్చు కింద బళ్లారి, అనంతపురం, కడప సీమలు చేజారి దత్తమండలాలయ్యాయి. భవనం పని ఆ తర్వాతే ఊపందుకుంది. కనుక దీన్ని ప్రేమ చిహ్నమనడం సగం మాటే. ఆ మాటకొస్తే బేగం నివసించిన జనానాను (అంతఃపురాన్ని) 1860 దశకంలో కూల్చింది కూడా ఇంగ్లిషువాళ్లే. తోటలో భవనపు చిన్న నమూనా మాత్రం మిగిలింది. అంతకుముందు 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్‌ల నాయకత్వంలో రెసిడెన్సీపై దాడి జరిగింది. ఆ దెబ్బతో ప్రహరీని బురుజులతో పటిష్ఠం చేశారు.

1949లో మహిళా కళాశాల ఇక్కడికొచ్చింది. తరగతులు నడిచాయి కాబట్టే కొంతైనా నిలిచిందని నా అభిప్రాయం. కానీ ఇలాంటి ఇటుక, డంగు సున్నం కట్టడాలను చెడగొట్టేది చాలావరకు తర్వాతి రిపేర్లే. సున్నపు గోడ పీల్చిన చెమ్మను బయటికి వదులుతుంది. పైన సిమెంటు పూస్తే ఆ చెమ్మ లోపలే చిక్కుతుంది. ఉప్పు పొంగి గచ్చు పెచ్చులూడుతుంది, గోడలో దిగిన దూలాల కొనలు పుచ్చిపోతాయి. అందుకే ముందు సిమెంటును ఉలితో జాగ్రత్తగా ఒలవాలి, గోడ పూర్తిగా ఆరనివ్వాలి. తర్వాత బాగా నానిన సున్నం ఒక పాలు, ఇసుక సుమారు మూడు పాళ్లు గానుగలో రుబ్బి, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు కలిపి పలుచటి పొరలుగా పూయాలి. తొందరపడి మందంగా పూస్తే నెర్రెలు ఖాయం.

దర్బారు హాలుకు మెరుగులు దిద్దితే ఫొటోలు బాగా వస్తాయి. జనానా పునాదులు, పాత ద్వారాలు, శ్మశానవాటిక కూడా ఈ ఎస్టేటులో భాగమే. వాటికి వేరుగా నిధులు కేటాయించాలి. ఏటా తొలకరికి ముందు మిద్దె మీది తూములు శుభ్రం చేయించే బాధ్యత ఎవరిదో కాగితం మీద రాసుకోవాలి.