‘వర్కింగ్ కండిషన్’ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ వర్కింగ్ కండిషన్ గారికి,

చిత్తూరు నుంచి తిరుపతికి ఎండలో 70 కిలోమీటర్లు వచ్చి, తమరి దర్శనం చేసుకుని, ఉత్త చేతులతో తిరిగెళ్తున్న పాత బొమ్మల పిచ్చోళ్ల తరఫున నమస్కారాలు. పాత ఆటబొమ్మ క్రేను అమ్ముతామన్న ప్రకటనలో, ఫొటో కింద ‘వర్కింగ్ కండిషన్’ అంటూ తమరే వెలిగిపోతున్నారు. మెడ పైకెత్తి, కొక్కెం గాల్లో వేలాడేసి, ఎంత దర్జా! దగ్గరికెళ్తే మెడ కింద అగ్గిపుల్ల. పుల్ల తీస్తే మెడ వాలింది. “పిడి తిప్పి చూడండి సామీ, పన్జేస్తాది” అన్నాడు అమ్మే ఆసామి. పిడి తిరిగింది. కొక్కెం కదల్లేదు. పిడి తిరగడమూ తమరి ఖాతాలోకే వస్తుంది కాబోలు.

అది డింకీ అనే ఇంగ్లండు బొమ్మల కంపెనీ వాళ్ల కోల్స్ మొబైల్ క్రేను, 1949లో మొదలైన మోడలు. రెండు పిడులు: ఒకటి మెడకి, ఒకటి కొక్కేనికి. పిడి తిప్పితే లోపలి డ్రమ్ముకి దారం చుట్టుకోవాలి, అంతే కిటుకు. పాత దారం చివికిపోవడం సహజం. దాని బదులు పూలు కట్టే లావు దారం వేశారు. అది కప్పీ గాడిలో కూర్చోదు, పక్కకి జారి ఇరుక్కుంటుంది. జారకుండా ఎవరో మహానుభావుడు డ్రమ్ము మీద ఫెవిక్విక్ చుక్క వేశాడు. ఆ చుక్క ఇరుసు వెంట పాకి డ్రమ్మునే బిగించేసింది. అప్పుడైనా ఆగారా? బలంగా తిప్పారు. పిడికీ డ్రమ్ముకీ పట్టు తెగింది. ఇప్పుడు పిడి ఎంతసేపైనా తిరుగుతుంది, గుడి చుట్టూ ప్రదక్షిణంలాగా.

ఆ జిగురుని అసిటోన్ (గోళ్లరంగు తుడిచే ద్రవం) కరిగిస్తుంది. కాకపోతే పక్కనున్న పాత పెయింటునీ లాగేస్తుంది, పెయింటు పోతే సగం ధర పోయినట్టే. దూది చుట్టిన పుల్లతో అద్దడమే తప్ప ముంచకూడదు. దారం సన్నటి నూలుదే కావాలి, కొవ్వొత్తికి రెండుసార్లు రుద్ది వెయ్యాలి. నైలాన్ నున్నటి డ్రమ్ము మీద జారుతుంది. కొక్కెం నేలకి తగిలినప్పుడు కూడా డ్రమ్ము మీద మూడు చుట్లు మిగలాలి, లేకుంటే బరువంతా ముడి మీద పడుతుంది. అయిదు రూపాయల దారం, పది నిమిషాల పని. ఆ మాత్రానికీ తమరికి తీరిక లేదు!

బొమ్మ డంపర్ల (టిప్పరు లారీల) విషయంలోనూ తమరి లీలలు తెలుసు. ‘ఐరన్ బాడీ’ అంటారు, అయస్కాంతం అంటదు. టోంకా కంపెనీ బొమ్మలాంటి ఉక్కురేకు బండికి అంటుకుంటుంది, జింకు కరిగించి అచ్చులో పోసిన బొమ్మకి అంటుకోదు. తుప్పుపట్టిన రేకుని వెనిగర్‌లో నానబెట్టొచ్చు గానీ, జింకు బొమ్మని పెడితే లోహాన్నే తినేస్తుంది. ఇక పోతలో సీసం కలిసి ఒళ్లంతా పగుళ్లిచ్చి ఉబ్బినదానికి మందు లేదు, పుత్తూరు కట్టు కట్టినా అతకదు. బుల్డోజరు రబ్బరు చైను ‘ఒరిజినల్’ అంటారు, నిజమే, ముట్టుకుంటే పెళపెళ విరుగుతుంది. ఒకవైపు రంగేసి రెండోవైపు వదిలేసిన రోలరుంది చూడండి, అసలైన తిరుపతి క్షవరం అదే.

సరే, మర్యాద చాలు. ఒకటే అడుగుతా. కొక్కేనికి ఒక తాళంచెవి తగిలించు. పిడి తిప్పి పైకెత్తు. చెయ్యి వదిలెయ్. తాళంచెవి ఉన్నచోటే ఉండాలి. క్యాబిన్‌ని చుట్టూ ఒక తిప్పు తిప్పు, అప్పుడూ దిగకూడదు. ఇది చెయ్యలేనిదాన్ని ‘చూడ్డానికి మాత్రమే’ అని రాస్తే నీ సొమ్మేం పోయింది? చెయ్యగలదని కాణిపాకం గుళ్లో ప్రమాణం చేస్తావా? చెయ్యవు. పంగనామాలు పెట్టడం వేరే ఊరివాళ్లకే అనుకున్నాం, మనూళ్లోనే మనకి పెడితివి.

వచ్చే ఆదివారం రేణిగుంటలో ఇంకో బుల్డోజరుందట, దాని కింద కూడా నీ పేరే ఉంది. వస్తాం. అయస్కాంతం, తాళంచెవి జేబులో వేసుకునే వస్తాం. ఫొటోలో దాని బ్లేడు పైకెత్తే ఉంది. కిందున్న అగ్గిపుల్ల మాత్రం ముందే తీసిపెట్టు.

ఇట్లు,
పాత క్రేన్లు ఇంకా కొనేవాళ్లు