సవరణ: 66ఎ సెక్షన్ ఇప్పుడు లేదు

ఆన్‌లైన్ గొడవల మీద మొన్న పెట్టిన పోస్టులో, నొప్పించే మాట రాస్తే ఐటీ చట్టం 66ఎ కింద కేసు పెట్టవచ్చని రాశాను. అది తప్పు. సుప్రీంకోర్టు 2015 మార్చి 24న ఆ సెక్షన్‌ను కొట్టేసింది. ఆ సెక్షన్‌లో వాడిన ‘చిరాకు’, ‘అసౌకర్యం’ లాంటి మాటలకు హద్దే లేదని తీర్పులోనే ఉంది. ఒకరికి చిరాకు తెప్పించింది ఇంకొకరికి పట్టకపోవచ్చు కదా.

ఇప్పుడు చూడాల్సింది భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చిన నేరాల చట్టం) 352వ సెక్షన్. దీని కింద నేరం కావాలంటే, శాంతిభంగానికి రెచ్చగొట్టాలనో, రెచ్చిపోతారని తెలిసో కావాలని అవమానించి ఉండాలి. ‘నీ సంగతి తెలుసులే’ లాంటి రెండర్థాల మాట ఒక్కటే ఉంటే ఆ ఉద్దేశం చూపడం కష్టం. అందుకే ఆ ఒక్క వాక్యాన్నే కత్తిరించి స్క్రీన్‌షాట్ తీయకండి. ముందూ వెనకా సంభాషణ, తేదీ, సమయం కనబడాలి. మేజిస్ట్రేటు ఉత్తర్వు లేనిదే పోలీసులు ఇందులో దర్యాప్తు మొదలుపెట్టలేరు.