కందిబేడలు తెమ్మంటే

(బనగానపల్లె దగ్గర ఒక పల్లె. సంత నుంచి వచ్చిన మద్దిలేటి సంచి దులిపితే అరుగు మీద టప్పుమని రాయి పడింది.)

లక్ష్మక్క: ఏమయ్యా, కందిబేడలు తెమ్మంటే రాయి తెస్తివా?

మద్దిలేటి: వట్టి రాయి అనొద్దే. పనిముట్టు ఇది, చెకుముకి జాతి. జ్వాలాపురం కాడ దొరికింది.

లక్ష్మక్క: నీ రాళ్లు యాగంటి బసవన్న మాదిరి యేటేటా పెరుగుతాండాయి. ఆయప్పన్నా కలియుగాంతంలో లేచి రంకె వేస్తాడంట. ఇవేం చేస్తాయి?

మద్దిలేటి: ఇటు చూడు. తల్లిరాయి అంచున గుండ్రాయితో ఒక్కటిస్తే పెచ్చు లేచొస్తాది. దెబ్బ తగిలిన కాడ చిన్న ఉబ్బు ఉండాదా, అదే గుర్తు.

లక్ష్మక్క: నిన్న గుమ్మం తగిలి నీ నెత్తికీ లేచింది ఉబ్బు. నువ్వూ పనిముట్టేనా? ఒక్క పని చేసింది చూడలేదే!

మద్దిలేటి: 74 వేల ఏండ్ల కింద సుమత్రాలో టోబా అగ్నిపర్వతం పేలితే, ఆ బూడిద సముద్రం దాటొచ్చి మన జ్వాలాపురంలో పడింది. తెలుసునా?

లక్ష్మక్క: తెలుసులే. గిన్నెలు తోమే పొడికని తవ్వి అమ్ముకున్నారు గదా.

మద్దిలేటి: అంత బూడిదతో గిన్నెలా!

లక్ష్మక్క: తళతళమంటాయి. ఎప్పుడన్నా ఒక గిన్నె తోమింటే నీకూ తెలిసేది.

మద్దిలేటి: బూడిద కిందా ఇట్లాంటి పనిముట్లే, పైనా ఇట్లాంటివే. 2007లో శాస్త్రవేత్తలు బయటపెట్టినారు. ఆకాశం నుంచి బూడిద కురిసినా ఆ మనుషులు మళ్లీ కూర్చొని రాళ్లు కొట్టుకున్నారే!

లక్ష్మక్క: కూర్చొని రాళ్లతో పొద్దుపుచ్చినారంటే మీ వంశమే అయ్యుంటాది.

మద్దిలేటి: ఎవురనేదే తేలలా. మనలాంటి మనుషులేనని కొందరు, కాదు వేరే జాతి అని కొందరు. ఎముక దొరికితే గదా తేలేది.

లక్ష్మక్క: ఎముక లేకుండానే కొట్లాడుకుంటాండారా?

మద్దిలేటి: నాలుకకు ఎముక యాడుండాదే? నిన్ను చూస్తాండా గదా ముప్పై ఏండ్లుగా.

లక్ష్మక్క: (రాయి చేతికి తీసుకొని) సరే, దీంతో ఏం చేసేవాళ్లు?

మద్దిలేటి: తోలు గీకను, కట్టె చెక్కను, మాంసం కోయను...

(సర్రున పాల ప్యాకెట్టు మూల తెగింది.)

మద్దిలేటి: అయ్యయ్యో! మ్యూజియంలో ఉండాల్సిన వస్తువే అది!

లక్ష్మక్క: కత్తెర పోగొట్టి నెలాయె, ఇదే మేలు. అయినా ఆ చేసినాయప్ప ఎంత బుద్ధిమంతుడు! పని అయిపోతూనే ఆడనే పారేసి పోయినాడు. ఇంట్లో ఆడమనిషి ఎంత సుఖపడిందో. నువ్వు చూడు, అన్ని వేల ఏండ్లకు పోయి ఎత్తుకొస్తివి.

మద్దిలేటి: (గొణుగుతూ) దొరికిన కాడనే పెట్టొస్తాలే, ఇట్లియ్యి.

లక్ష్మక్క: పోదువులే, నిలబడు. ఆ నూనె ప్యాకెట్టు, ఉప్పు ప్యాకెట్టు గూడా కోసిచ్చి పో.