చీటీ ఇచ్చి ఇంటికి పంపేశాక

మా ఊళ్లో ఒకావిడ నెలకోసారి తెల్లవారుజాము బస్సెక్కి పట్నంలో పెద్దాసుపత్రికి వెళ్తుంది. కొడుక్కి స్కిజోఫ్రెనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు. అతను ఇల్లు కదలడు, ఆవిడే చీటీ చూపించి మందులు తెచ్చుకుంటుంది. ఆ చీటీ మడతల దగ్గర చిరిగి, డోసు ఎంతో చదవడానికి లేదు. కిందటేడు నాట్లప్పుడు రెండు నెలలు వెళ్లలేకపోయింది. పిల్లాడు నిద్ర మానేసి, గోడతో గొడవ పడటం మొదలెట్టాడు. ఆ రెండు నెలల్లో ఎవరూ ఫోన్ చెయ్యలేదు. పక్కవీధిలో టీబీ మందులు వారం ఆపినాయన ఇంటికి మాత్రం సిబ్బంది వచ్చారు.

చట్టానికేం లోటు లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 98వ సెక్షన్ ప్రకారం, రోగిని ఇంటికి పంపే ముందే డాక్టరు రోగితో, ఇంటివాళ్లతో, ఇకపై చూడబోయే డాక్టరుతో మాట్లాడి తర్వాతి వైద్యం ఎలాగో తేల్చాలి. ఆవిడకు దక్కింది ఆ చీటీ ఒక్కటే. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో తీవ్ర మానసిక జబ్బులున్న నలుగురిలో దాదాపు ముగ్గురికి చికిత్సే అందడం లేదని తేలింది. చికిత్స మొదలై మధ్యలో జారిపోయేవాళ్ల సంగతి ఇంకో కథ.

'సైకియాట్రిస్టులు (మానసిక వైద్యులు) లేరండీ' అనడం మనకు అలవాటైపోయింది. నిజమే, లేరు. కానీ తమిళనాడు, గోవా, మహారాష్ట్రల్లో స్కిజోఫ్రెనియా ఉన్న 282 మందితో చేసిన ప్రయోగం ఫలితాలు 2014లో వచ్చాయి. అందులో కొందరి ఇళ్లకు డాక్టర్లు కాకపోయినా శిక్షణ పొందిన కార్యకర్తలు వెళ్లారు. మందులు వేసుకుంటున్నారా అని చూడటం, ఇంటివాళ్లకు జబ్బు గురించి చెప్పడం, రోజువారీ పనులు మళ్లీ అలవాటు చేయడం వాళ్ల పని. వెనక సైకియాట్రిస్టులు ఉన్నారు. ఏడాది తర్వాత ఆస్పత్రి వైద్యం మాత్రమే అందినవాళ్ల కంటే వీళ్ల పరిస్థితి కాస్త మెరుగైంది. అద్భుతమేం కాదు, ఓ మోస్తరు మెరుగే. ఎక్కువ తేడా కనిపించింది మాత్రం తమిళనాడు పల్లెల్లో.

ఈ పని కూడా ఆశా వర్కర్ల నెత్తిన పెడదామనే వాళ్లున్నారు. నాకది నచ్చదు. వాళ్ల చేతుల్లో ఇప్పటికే బోలెడు రిజిస్టర్లున్నాయి. మండలానికి ఇద్దరు ముగ్గురు జీతం ఉన్న మనుషులు కావాలి. ఏ రోగి మందులకు రాలేదో ఆసుపత్రే ఈ మనుషులకు చెప్పాలి. పింఛను కోసం వైకల్య సర్టిఫికెట్ కాగితాల దగ్గరా వాళ్లే తోడుండాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం మానసిక అనారోగ్యాన్నీ వైకల్యంగా గుర్తించింది కదా! ఈ పిల్లాడిని చూసినవాళ్లు మాత్రం 'కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయిగా' అంటున్నారు.

ఆవిడ వయసు అరవై దాటింది. ఆ బస్సు ఎక్కడం ఆవిడ వల్ల కాని రోజున ఆ చీటీ పట్టుకుని ఎవరెళ్తారన్నది ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు.