ఫ్లూ టీకా సరే, సెలవెవరిస్తారు?

ఫ్లూ టీకా వేయించుకోని పిల్లల్ని బడిలోకి రానివ్వాలా వద్దా? అమెరికాలో ఏళ్ల తరబడి నలిగిన ఈ తగువు ఇప్పుడు బెంగళూరు మారతహళ్లి అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లోకీ దిగింది. జ్వరాల సీజన్ మొదలైతే చాలు, స్కూలే రూల్ పెట్టాలని ఒకరు, మా పిల్ల మా ఇష్టమని ఇంకొకరు. నా మాట ముందే చెప్పేస్తా: టీకా కావాలి, రూల్ వద్దు.

ఎందుకు కావాలో బెంగళూరులో ఏ తెలుగింటికి వెళ్లినా తెలుస్తుంది. అమ్మానాన్నలిద్దరూ ఆఫీసుకు పోతే పిల్లల్ని చూసుకునేది కడప నుంచో అనంతపురం నుంచో వచ్చిన అమ్మమ్మ. ప్లేహోమ్ నుంచి జ్వరం మోసుకొచ్చేది మనవడు. వాడు నాలుగు రోజులకు లేచి పరిగెడతాడు, పది రోజులైనా మంచం దిగనిది ఆవిడ. షుగరో ఉబ్బసమో ఉంటే ఆస్పత్రి కూడా. జపాన్ ఇదంతా చూసింది. 1962లో బడిపిల్లలకు ఫ్లూ టీకాలు మొదలుపెట్టి, 1977లో తప్పనిసరి చేసి, 1987లో వద్దనే తల్లిదండ్రులకు మినహాయింపు ఇచ్చి, 1994లో మొత్తానికే మానేసింది. మానేశాక చలికాలంలో ముసలివాళ్ల చావులు పెరిగాయని 2001లో ఒక అధ్యయనం లెక్కగట్టింది. సూది మనవడి చేతికి, కాపాడింది అమ్మమ్మని!

రూల్ పెడితే తప్ప జనం కదలరంటారు. నిజమే కావచ్చు. న్యూజెర్సీలో 2008 నుంచి ప్రీస్కూల్ పిల్లలకు ఏటా ఈ టీకా పడాల్సిందే. కానీ 2020లో బడిపిల్లలందరికీ అదే రూల్ పెట్టిన మసాచుసెట్స్ 2021 జనవరికల్లా వెనక్కి తగ్గింది. పైగా ఇది ఒకసారితో అయిపోయేది కాదు, ఏటా వేయించాలి. వైరస్‌కు బాగా కుదిరిన ఏడాది కూడా రక్షణ 40 నుంచి 60 శాతమే.

మన దగ్గర తప్పనిసరి అంటే బిల్లు. ప్రభుత్వం పిల్లలందరికీ ఉచితంగా వేసే టీకాల్లో ఫ్లూది లేదు. ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా ఏటా వేయించమని పిల్లల డాక్టర్ల సంఘం ఐఏపీ చెబుతోంది. ప్రైవేటు క్లినిక్‌లో డోసు 1,500 నుంచి 2,000 రూపాయల దాకా ఉంటుంది, మొదటిసారి నాలుగు వారాల తేడాతో రెండు డోసులు. ఐటీ వాళ్లకి అది ఒక వీకెండ్ ఖర్చు. కె.ఆర్.పురంలో సెంట్రింగ్ పనికొచ్చిన కుటుంబానికి నెల అద్దెలో సగం. బ్రిటన్ 2013 నుంచి పిల్లలకు ముక్కులో స్ప్రే ఇస్తోంది, బడికే వెళ్లి, ఉచితంగా. తల్లిదండ్రులు ఒప్పుకుంటేనే. ముందు అలా అందనివ్వండి, రూల్ సంగతి తర్వాత.

అయినా నన్ను తొలిచేస్తున్నది టీకా కూడా కాదు. మొన్న పొద్దున ఏడున్నరకు మా లిఫ్టులో ఒకమ్మాయి, చంకలో ల్యాప్‌టాప్ బ్యాగు, చేతిలో పారాసిటమాల్ సిరప్. కొడుకు చేత ఆ మూతెడు తాగించి, నుదురు తుడిచి, "టీచరడిగితే జలుబని చెప్పు నాన్నా" అంది. బయట వ్యాన్ హారన్ కొడుతోంది. ఆ అమ్మాయిని తప్పుపట్టలేను, తొమ్మిదికి ఆమెకు మీటింగ్.

2025 మే చివర్లో కోవిడ్ కేసులు మళ్లీ కనబడగానే, జ్వరం, దగ్గు ఉన్న పిల్లల్ని బడికి పంపొద్దని కర్ణాటక ప్రభుత్వం సర్క్యులర్ ఇచ్చింది. బడికైతే ఇచ్చింది, మేనేజరుకు ఎవరిస్తారు? కేంద్ర ప్రభుత్వోద్యోగం చేసే తల్లికి పిల్లల కోసం సర్వీసు మొత్తంలో 730 రోజుల సెలవుంది. ప్రైవేటు ఉద్యోగంలో, పిల్లాడికి జ్వరమొస్తే ఇన్ని రోజులని ఏ చట్టమూ ఇవ్వదు. జ్వరంతో వచ్చిన పిల్లాడు క్లాసులో దగ్గుతుంటే, పక్కవాడి టీకా కాగితాలు అడుగుతామా?

బడులు తక్కువ తిన్నాయా, యాన్యువల్ డే రోజు హండ్రెడ్ పర్సెంట్ అటెండెన్స్‌కు సర్టిఫికెట్ ఇస్తాయి. మా వాడికీ ఒకటొచ్చింది, ఫ్రిజ్ మీద అంటించాం. ఆ ఏడాది ఎన్నిసార్లు సిరప్ తాగించి వ్యాన్ ఎక్కించామో మా ఆవిడకు గుర్తుంది, నాకు లేదు.