తల ఊపు గారికి ఒక అర్జీ

మహారాజశ్రీ తల ఊపు గారికి,

నిన్న పదకొండు నలభై నుంచి సాయంత్రం నాలుగుంబావు దాకా నన్ను ఇనప బెంచీ మీద కూర్చోబెట్టినందుకు ముందుగా నమస్కారాలు. హాఫ్ డే లీవ్ పెట్టుకుని వచ్చినదాన్ని ఫుల్ డే చేసి పంపించారు. అంతా తమ దయ.

పని చిన్నదే. నాన్నగారి పేరు మీదున్న ఇంటి పన్ను నా పేరుకి మార్చాలి. కాగితాలన్నీ సిద్ధం, సారు సంతకం ఒక్కటే బాకీ. "సార్ ఇవాళ వస్తారాండీ?" అని కౌంటర్లో ఉన్నాయన్ని అడిగాను. నోట్లో పాన్ ఉంది కాబట్టి ఆయన నోరు విప్పలేదు. బదులు చెప్పడానికి తమరు దిగారు. గడ్డం కుడి భుజం వైపు కొంచెం, ఎడమ భుజం వైపు కొంచెం, మళ్లీ కుడికి, ఆఖరున ఓ పక్కకి వాలి అక్కడే ఒక్క క్షణం నిలిచింది. కళ్లు సగం మూతలు. పెదాల మీద చిన్న నవ్వు. వస్తారనే కదండీ దానర్థం?

నాలుగుంబావుకి ఆయన బీరువాకి తాళం వేస్తుంటే మళ్లీ వెళ్లాను. పాన్ అయిపోయింది, మాటొచ్చింది. "సార్ ఇయ్యాల రారమ్మా. పొద్దుగాలనే చెప్పిన గదా."

"ఎప్పుడు చెప్పారు?"

"తలకాయ ఊపిన గదమ్మా!"

ఆయన కళ్లల్లో నా మీద జాలి కనిపించింది. అదొక్కటీ సరిగ్గానే చదివాను.

నేనేమీ ఈ విద్య రానిదాన్ని కాదు మహాప్రభో. పోయిన నెలలోనే మా కంపెనీ వాళ్లు బాడీ లాంగ్వేజ్ మీద ఒక రోజంతా ట్రైనింగ్ ఇప్పించారు. మాదాపూర్‌లో ఏసీ హాలు, మధ్యాహ్నం పనీర్ కూర. మనిషి చెప్పేదాంట్లో మాటల వాటా 7 శాతమేనని, గొంతుది 38, ముఖానిది 55 అని తెర మీద రంగురంగుల చక్రం వేసి చూపించారు. అసలు నవ్వయితే కళ్ల చుట్టూ ఉన్న కండరం ముడుచుకుంటుందని, డుషెన్ అనే ఫ్రెంచి డాక్టరు మనుషుల ముఖాలకి కరెంటు పెట్టి మరీ 1862లోనే ఆ సంగతి రాశాడని చెప్పారు. అందుకే కౌంటర్ ఆయన కళ్ల చివర్లు పట్టిపట్టి చూశాను. ముడతలు పడ్డాయి. అసలు నవ్వే అనుకున్నాను. పాన్‌లో సున్నం ఎక్కువై ఉంటుంది.

బెంచీ మీద బోలెడు తీరిక కదా, ఆ 55 శాతం సంగతేమిటో ఫోన్లో వెతికాను. 1967లో అమెరికాలో మెహ్రాబియన్ అనే ప్రొఫెసరు చేసిన ప్రయోగాల లెక్కట అది. అదీ ఎదుటివాడికి మన మీద ఇష్టమా, అయిష్టమా అన్నంత వరకే. అన్ని మాటలకీ అంటగట్టొద్దని ఆయనే మొత్తుకున్నాడు. అందులో ఒక ప్రయోగానికి జనానికి వినిపించింది ఒకే ఒక్క మాట, 'మేబీ'. ఏమో, కావచ్చు. అంటే తమరే! ఇంకోటి కూడా చదివాను. అబద్ధమేదో నిజమేదో పోల్చుకోవడంలో మనుషులు సగటున 54 శాతమే నెగ్గుతారని 2006లో రెండొందల పైచిలుకు పరిశోధనలు కలిపి తేల్చారు. రూపాయి బిళ్ల ఎగరేస్తే 50. ఆ బిళ్లేదో ఎగరేసి ఇంటికి పోయినా బావుండేది.

చిన్నప్పుడు మూడేళ్లు కూచిపూడి నేర్చుకున్నాను లెండి, తమ పూర్వాపరాలు నాకు తెలియనివి కావు. అభినయ దర్పణం అనే నాట్య గ్రంథంలో తల ఊపులు తొమ్మిది రకాలు. 'లేదు' అనడానికి ధుతం అని ఒకటుంది, శుభ్రంగా అడ్డంగా తిప్పేది. తమ పేరు పరివాహితం. చామరం వీచినట్టు అటూ ఇటూ. మోహానికీ తమరే, విరహానికీ తమరే. పొగడ్తకి, సంతోషానికి, ఒప్పుకోలుకి, ఆలోచనలో పడడానికి కూడా తమరే. ఇన్ని ఉద్యోగాలు వెలగబెడుతున్నారు, సరే. 'సార్ రారు' అనే పని మాత్రం ఆ జాబితాలో లేదు. తమకి అది ఎవరు అప్పజెప్పారు?

ఉప్పల్ వస్తావా అంటే ఆటో అతను తమర్ని ప్రయోగించి, నన్నక్కడే వదిలేసి ఉప్పలే పోతాడు. పెళ్లిచూపుల్లో మా ఆయన ఊపిన తలకి అర్థమేమిటో ఇరవై రెండేళ్లయినా తేలలేదు. అడిగితే మళ్లీ అదే ఊపు. గంగిరెద్దు నయం, అది ఊపితే అవునని మా వీధిలో పసిపిల్లలకి కూడా తెలుసు.

అసలు 'లేదు' అనడానికి నీకేమొచ్చింది? రెండక్షరాలు. పాన్ పక్క దవడకి నెట్టుకుని కూడా అనొచ్చు. నాకు కోపం వస్తుందనా? వచ్చేది. రెండు నిమిషాలు గొణుక్కుని పోయేదాన్ని. మొహమాటం నీది, నాలుగున్నర గంటలు నావి. పైగా అర్థం చేసుకోకపోతే తప్పు నాదట! నా పక్కన ఒక ముసలాయన ప్లాస్టిక్ కవర్లో కాగితాలు పెట్టుకుని, ఆ కవరు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మూడో రోజట. రోజూ అడిగాడట, రోజూ నువ్వు ఊగావట. ఆయనకి బాడీ లాంగ్వేజ్ ట్రైనింగ్ ఎవరిప్పించాలి?

వచ్చేటప్పుడు ఇరానీ హోటల్లో ఆగాను. లోపల ఒకటే గోల. ఎక్కడో మూలనున్న కుర్రాడికి ఒక చాయ్, రెండు ఉస్మానియా అని చేత్తో సైగ చేశాను. వాడు తల ఊపాడు. అదే ఊపు, అదే వాలు. నా ప్రాణం ఉసూరుమంది. కానీ నిమిషం తిరక్కుండా పొగలు కక్కుతూ చాయ్ వచ్చింది, సాసర్లో సరిగ్గా రెండు బిస్కెట్లు. ఒకటి ముంచుకుని తింటుంటే నీ మీద కాస్త ప్రేమ పుట్టిన మాట నిజమే. రెండోది ముంచేలోపు అసలు సంగతి తట్టింది. అంటే నీకు పని వచ్చన్నమాట. ఆఫీసులో కావాలనే చేస్తున్నావు.

ఇట్లు,
ఇంటి పన్ను ఇంకా నాన్నగారి పేరు మీదే కడుతున్న ఒకామె

తా.క.: ఇవాళ పొద్దున తెలివిగా ఫోన్ చేశాను. ఫోన్లో తల పనికిరాదు, నోటితోనే చెప్పాలి కదా. ఆయనే ఎత్తారు. "సార్ సోమవారం వస్తారాండీ?" అని అడిగాను. అవతల ఫ్యాను గరగరమంటోంది. ఎవరో టపటపా స్టాంపు కొడుతున్నారు. ఆయన మాత్రం ఎంతసేపటికీ మాట్లాడలేదు.

ఊపుతున్నారు.