‘వాకింగ్ చేయండి’ అంటే ఎంత?

బైపాస్ చేయించుకుని విజయవాడ సూర్యారావుపేట నుంచో, గుంటూరు కొత్తపేట నుంచో ఇంటికెళ్లే రోగి చేతిలో డిశ్చార్జి కాగితం చూడండి. మాత్రలకు పేరు, మోతాదు, పూట అన్నీ ఉంటాయి. వ్యాయామానికి వచ్చేసరికి చాలాసార్లు ఒకే ముక్క: ‘వాకింగ్ చేయాలి’. నడక కూడా మందే. మోతాదు రాయని మందు చీటీని ఏ మెడికల్ షాపువాడూ తీసుకోడు.

ఆ మోతాదేమీ రహస్యం కాదు. ఇంటికొచ్చిన మొదటి వారం చదునైన నేల మీద 5 నుంచి 10 నిమిషాలు, రోజుకు రెండు మూడుసార్లు. ఒంటికి పడితే కొద్దికొద్దిగా పెంచుకుంటూ, ఆరో వారానికల్లా ఏకబిగిన అరగంట. మొదట్లోనూ చివర్లోనూ 5 నిమిషాలు నెమ్మదిగా నడవాలి. ఠక్కున ఆగితే కాళ్లలోకి దిగిన రక్తం పైకి రాక బీపీ పడిపోతుంది, కళ్లు తిరుగుతాయి. నాడి నిమిషానికి గరిష్ఠంగా ఎంత కొట్టుకోవచ్చో చెప్పడానికి 220లోంచి వయసు తీసేసే ఫోన్ యాప్ లెక్క వీళ్లకు పనికిరాదు. మెటోప్రోలాల్ లాంటి మాత్ర నాడిని తొక్కిపెడుతుంది కాబట్టి, ఆ అంకె అందుకోబోయినవాడు గుండెను మితిమీరి తోలుతున్నట్టే. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదీ కొలత. ఛాతీ నొప్పి, దడ, తల తిరగడం ఏది వచ్చినా అక్కడికక్కడ ఆపేయాలి.

ఎముక సంగతి వేరు. రొమ్ము ఎముకను నిలువునా కోసి స్టీలు తీగతో బిగిస్తారు. అది అతకడానికి 8 నుంచి 12 వారాలు. అప్పటిదాకా రెండు మూడు కిలోలకు మించి ఎత్తకూడదు. 20 లీటర్ల వాటర్ క్యాన్ అంటే 20 కిలోలని ఇంట్లో ఎవరైనా గుర్తుచేయాలి. దగ్గొస్తే దిండును ఛాతీకి హత్తుకోవాలి. కదిలినప్పుడల్లా లోపల ‘టిక్’మంటుంటే వ్యాయామం మానేసి సర్జన్ దగ్గరికి వెళ్లాలి.

‘అంత పెద్ద ఆపరేషన్ అయినవాణ్ణి మంచం దిగనిస్తారా’ అని ఇంటివాళ్లు భయపడతారు. ఓపీలో అంత చెప్పే తీరిక లేదని డాక్టర్లంటారు. రెండోది నిజమే, అందుకే అది ఫిజియోథెరపిస్టు పని. మొదటిదే ప్రమాదం. మంచానికి అతుక్కుంటే కండ కరుగుతుంది, ఊపిరితిత్తుల అడుగున కఫం నిలుస్తుంది, కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పూ పెరుగుతుంది.

2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక ఆపరేషన్ ఖర్చు గురించి మాట్లాడటం నేర్చుకున్నాం. ఫాలోఅప్ అంటే మాత్రం మందులు, పరీక్షలే అనుకుంటున్నాం. అమెరికాలో మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా, బైపాస్ రోగి పర్యవేక్షణలో చేసే 36 వ్యాయామ సెషన్లకు డబ్బిస్తుంది. మనకు అంత హంగు లేకున్నా సరే. ఆరు నిమిషాల్లో రోగి ఎంత దూరం నడవగలడో చూసే నడక పరీక్షకు 30 మీటర్ల వరండా, ఒక స్టాప్‌వాచ్, బీపీ మిషను చాలు. ఏ జిల్లా ఆస్పత్రిలో లేవివి?

ఇక నడిచే చోటు. విజయవాడ ఏలూరు రోడ్డులో ఫుట్‌పాత్ మీద బైకులు, టిఫిన్ బళ్లు. మేలో పొద్దున ఏడింటికే చెమటలు. వన్‌టౌన్ కొండ మీద ఇల్లున్నవాడికి ‘చదునైన నేల’ అన్న మాటే వెక్కిరింత. డిశ్చార్జి చేసేముందు ‘మీ ఇంటికి ఎన్ని మెట్లు?’ అని అడగాలి, ఆస్పత్రి మెట్ల మీదే ఫిజియోథెరపిస్టు పక్కనుండి ఒక అంతస్తు ఎక్కించి చూడాలి. కార్పొరేషన్ ఆ కొండ మెట్లకు ఒక రెయిలింగూ, మధ్యమధ్య కూర్చోడానికి సిమెంటు దిమ్మెలూ వేస్తే, వాటిని వాడుకునేది గుండె రోగులొక్కరే కాదు.